శాలువా కప్పించుకున్న కొండముచ్చు

నేను చెప్పేవి కోతలు అనేవాళ్ళు ఎవరైనా ఉంటే ఇప్పుడే లేచి నిలబడండి. లేవలేదుగా? అయితే వినండి.

అనగనగా నల్లకోన అనే అడవిలో బుచ్చెమ్మ అనే కొండముచ్చు ఉండేది. పొడుగాటి మద్దిచెట్టు కొసన కూర్చుని పులి వస్తే కేక వేయడం ఆమె పని. ఆ కేకకి కొండలు పక్కకి జరిగేవి. పులి ఒంటిమీద చారలు మూడు రాలిపడితే నేనే ఏరాను! కావలి కాసినంత కాలం ఆ చెట్టు ఆమెది. ఆమె కేకతో బతికే మందలు తెచ్చే పళ్ళూ ఆమెవి.

అంతలో అడవి పెత్తనం నాగలింగం అనే నక్కకి వచ్చింది. ముసలిది కావలి కాయడం వాడికి నచ్చలేదు. మొదట ఆమెను కొసకొమ్మ నుంచి నడికొమ్మకి దింపాడు. తర్వాత పగలూ రాత్రీ ఆమెనే కాయమన్నాడు. అయినా ఆమె మానలేదు. మూడోసారి ఊరేగింపుగా వచ్చాడు. అడవంతా వెంట వచ్చింది. మోదుగుపూల దండ వేశారు, ఆకుల శాలువా కప్పారు.

"అత్తా, కళ్ళు కనబడుతున్నాయా?" అన్నాడు నక్క.

"నీ మూతికంటిన తేనె కూడా కనబడుతోంది నాయనా."

అందరూ నవ్వారు. నక్క కూడా నవ్వి, ఒక తాటాకు చాపాడు. 'వయసు మీదపడి నా ఇష్టంతోనే పని మానుకుంటున్నాను' అని దానిమీద రాసి ఉంది. ఓ వేలిముద్ర వేస్తే చాలు, అంతా పద్ధతి కోసమే అన్నాడు.

పక్కనున్న తాబేలు ఆమె తోక లాగింది. సత్తువ ఉన్నవాళ్ళని వయసు చూపి తీసేయకూడదని చట్టం ఉందనీ, ముద్ర వేయకుండా తీర్పులు చెప్పే ఏనుగు దగ్గరికి ఫిర్యాదుకి వెళ్ళమనీ గొణిగింది. నిజమేనని బుచ్చెమ్మకి తెలుసు. కానీ భుజాన శాలువా, ఎదురుగా ఇంతమంది. ఎలా కాదంటుంది? మొహమాటపడి ముద్ర వేసేసింది.

మర్నాటికి చెట్టు ఒక కుర్రకోతిదయింది. పళ్ళు ఆగిపోయాయి. అప్పుడు వెళ్ళింది ఏనుగు దగ్గరికి.

ఏనుగు నక్క దగ్గరున్న తాటాకు తెప్పించి మూడుసార్లు చదివాడు. "చట్టం నీ వైపే ఉందమ్మా. నిన్ను తీసేసి ఉంటే నక్కని చెవి పట్టి లాక్కొచ్చేవాణ్ణి. ఈ ముద్ర నీదేనా?"

"నాదే."

"బెదిరించి వేయించారా?"

"లేదు. చప్పట్లు కొట్టారు."

ఏనుగు 'నా ఇష్టంతోనే' అన్న మాట చూపించి, ఆకు ఆమె చేతిలో పెట్టేశాడు.

కావలి పని కోసం పక్క అడవులకీ వెళ్ళింది. ఎక్కడికి పోయినా ముందు వయసే అడిగారు. వానలు మొదలయ్యేసరికి నల్లకోనకే తిరిగొచ్చింది. చెట్టు లేక నేలమీదే ఉండేది. ఒకరోజు గడ్డిలో పులి కనబడింది. కేక వేసింది. విన్నవాళ్ళు, పాపం అలవాటు పోలేదు అనుకుని మేత మేస్తూనే ఉన్నారు. రెండో కేక వినబడలేదు.

ఇందులో నేను ఒక్క మాట కూడా పెంచలేదు.

నీతి: మొహమాటానికి వేసిన ముద్ర, మనవైపున్న చట్టం నోరు కూడా నొక్కేస్తుంది.

నమ్మకపోతే, ఆ రోజు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టిన ముంగిసని అడగండి. ఇంకా బతికే ఉన్నాడు. పేరు గుర్నాథం.