ఎదురుగాలిలో ఇద్దరు

ఎర్రిస్వామిగారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన వెంటనే నోరు విప్పేవారు కాదు. పక్కనున్న చేటను ముందుకు లాక్కుని వేరుశెనక్కాయలు ఒలవడం మొదలుపెట్టేవారు. ధర్మవరానికి అవతల, చేల మధ్యనున్న ఆయన ఆశ్రమంలో కాయలకు కొదవ ఉండేది కాదు. అడిగినవాడు ఊరికే కూర్చోలేక తానూ ఒక దోసెడు తీసుకునేవాడు. అట్లా కొంతసేపు గడిచాక స్వామి శాస్త్రం జోలికి పోకుండా, ఫలానా మనిషికి ఏం జరిగిందో చెప్పేవారు. అది జవాబో కాదో విన్నవాడే తేల్చుకోవాలి.

ఒక చలికాలపు సాయంత్రం ఓబుళపతి వచ్చాడు. అతను కాలేజీలో అర్థశాస్త్రం చెప్పే లెక్చరరు. స్వామి దగ్గరికి చాలాకాలంగా వస్తున్నాడు. ఇంట్లో అతని అన్న నరసింహులు పక్షవాతం వచ్చి మంచం మీద ఉన్నాడు. అన్నకు స్నానం చేయించడం, గడ్డం గీయడం, అన్నం మెత్తగా కలిపి తినిపించడం, అన్నీ ఓబుళపతే ఏళ్ళ తరబడి చేస్తున్నాడు. వీధిలోవాళ్ళు తమ పిల్లలకు అతన్ని చూపించి బుద్ధులు చెప్పేవారు. ఆ రోజు అతని ముఖం పీక్కుపోయి ఉంది.

"స్వామీ, పోయిన వారం ఒక పెళ్ళికి పోయినా. నలుగురిలో ఒక పెద్దాయన నన్ను చూపించి, తమ్ముడంటే వీడప్పా అన్నాడు. ఒళ్ళంతా పులకరించింది. ఇంటికొచ్చి అన్నకు అన్నం తినిపించడానికి కూర్చున్నాను. అప్పుడు చూసుకున్నా. గది తలుపుకు ఉన్న తెర పక్కకు జరిపి పెట్టినా. వసారాలో కూర్చున్న చుట్టాలకు నేను కనబడాలని. ఎవరూ చెప్పలేదు, నా చెయ్యే జరిపింది. ఇన్నాళ్ళూ చేసింది అన్న కోసమా, నా పేరు కోసమా? నా కోసమే అయితే అది సేవ కాదు గదా. అది తేలేదాకా ఆయన్ను ముట్టుకోవాలంటే నాకు చెయ్యి రావడంలేదు. అప్పట్నుంచి ఆ గదిలోకి పోలేదు. నా భార్యే చూసుకుంటాంది."

"మీ అన్న ఏమంటాండాడు?" అని అడిగారు స్వామి.

"ఆయనకు నోరు తిరగదు గదా స్వామీ. వాకిలి దిక్కే చూస్తాంటాడంట."

స్వామి చేటను ముందుకు లాక్కున్నారు. ఇద్దరూ కొన్ని కాయలు ఒలిచారు. తర్వాత ఆయన, "మన వనజాక్షి చెప్పింది నాకు" అంటూ మొదలుపెట్టారు. ఆయన చెప్పిన సంగతి ఇది.

వనజాక్షి అనంతపురంలో ఒక ఆస్పత్రి ల్యాబులో పనిచేసేది. రోగుల కఫం పరీక్ష చేసే ఉద్యోగం. ఆ పనిలోనే ఆమెకు క్షయ అంటుకుంది. నెలల తరబడి మందులు మింగింది. చివరికి డాక్టరు, నీకు ఇంక జబ్బు లేదు పొమ్మన్నాడు. ఆ మాట ఆమె ఇంట్లోవాళ్ళు విన్నారు గానీ నమ్మలేదు. ఆమె కంచం, గ్లాసు విడిగానే ఉండిపోయాయి. అత్తగారు మంచిదే, భర్తా మంచివాడే. అయినా ఆమె దగ్గితే ఇద్దరి కళ్ళూ ఒకసారి ఆమె మీద వాలి తప్పుకునేవి. కొన్నాళ్ళకు ఆమెకే అనుమానం పట్టుకుంది. ఊపిరితిత్తులు నావేనా, ఇంకా జబ్బువేనా అని. పొద్దున్నే మైదానానికి పోయి నడవడం మొదలుపెట్టింది. నడక మెల్లగా పరుగైంది. రామగిరి గాలిమరల కొండల కింద హాఫ్ మారథాన్ పెడుతున్నారని తెలిసి, ఎవరితోనూ చెప్పకుండా పేరిచ్చింది. ఇరవై ఒక్క కిలోమీటర్లు ఆగకుండా పోయి రాగలిగితే ఇంక తనను తాను అనుమానించుకోనని మనసులో అనుకుంది.

ఆ రోజు తెల్లవారేసరికి ఆకాశం మూసుకుపోయి ఉంది. బంగాళాఖాతంలో వాయుగుండం. అంత దూరం నుంచి వచ్చిన గాలి ఇక్కడి మెట్ట చేల మీద ఈడ్చి కొడుతోంది. జల్లు సూదుల్లా తగులుతోంది. కొండల మీద గాలిమరలు ఎప్పుడూ లేనంత జోరుగా తిరుగుతున్నాయి. ఇట్లాంటి వాతావరణంలో వద్దనుకునేవాళ్ళు మానుకోవచ్చని మైకులో చెప్పారు. కొందరు నిజంగానే వెనక్కి తిరిగి టీ బంకు దగ్గర చేరారు. వనజాక్షి వేళ్ళు కొయ్యబారిపోయి బూటు తాడు కట్టుకోవడానికే తిప్పలుపడింది. అయినా మిగిలినవాళ్ళలో నిలబడింది.

పోయేటప్పుడు ఆమెకు తన మీద తనకే ఆశ్చర్యం వేసింది. కాళ్ళు తేలిపోతున్నాయి. మైదానంలో ఎన్నడూ రానంత వేగం వచ్చింది. ఊపిరి తేలిగ్గా ఆడుతోంది. తనకన్నా చిన్నవాళ్ళను దాటుకుంటూ పోయింది. నాకు ఏ జబ్బూ లేదు, చూడండి అని గట్టిగా అరవాలనిపించింది. గాలి తన వీపు మీద ఉందన్న సంగతి ఆమెకు తోచనే లేదు.

సగం దూరంలో రోడ్డు మీద ఒక డ్రమ్ము పెట్టి, దాన్ని చుట్టి వెనక్కి తిరగమన్నారు. తిరిగింది. అంతే, ఎవరో రెండు చేతులతో గుండెల మీద తోసినట్టయింది. గాలి నోట్లోకి దూరి మాట కాదు గదా, ఊపిరే రానివ్వలేదు. చెవుల్లో ఒకటే హోరు. కాళ్ళు ఎత్తి వేస్తోంది గానీ దారి తరగడం లేదు. దగ్గు వచ్చింది. ఆ దగ్గు వినగానే ఆమెకు చలికన్నా ఎక్కువ వణుకు పుట్టింది. ఇందాకటి బలమంతా గాలిదే, తనది కాదు. తనది ఇదీ, ఈ దగ్గు, అనుకుంది. వెనకబడినవాళ్ళను ఎక్కించుకునే వ్యాను ఎంత దూరంలో ఉందోనని తిరిగి చూసింది. దాని లైట్లు జల్లులో మసకగా కనిపిస్తున్నాయి.

ముందర ఒక పెద్ద మనిషి పోతున్నాడు. పెద్ద అంటే వయసులో కాదు, ఒళ్ళులో. తలుపంత వెడల్పు వీపు, దానికి అంటుకుపోయిన పచ్చ బనియను. పరుగులాంటి నడకతో రొప్పుతూ పోతున్నాడు. వనజాక్షి ఎట్లాగో అతని దాకా చేరింది. చేరగానే గాలి తెగిపోయింది. అతని వీపు వెనక, గది తలుపు వేసుకున్నట్టు ఒక నిశ్శబ్దం. ఆమెకు ఊపిరి అందింది. దగ్గు ఆగింది. ఆ వీపునే చూసుకుంటూ, అతను అడుగు వేసినచోటే అడుగు వేస్తూ చాలా దూరం వచ్చింది.

ఊపిరి తిరిగిన కొద్దీ మనసులో ముల్లు గుచ్చుకోసాగింది. ఈయన ఎవరో తెలియదు. నా గాలి కూడా ఈయనే మోస్తున్నాడు. నేను ఒక మాటైనా అడగకుండా దొంగలాగా వెనక నక్కాను. పైగా ఇట్లా చేరితే నేను పరిగెత్తినట్టు ఎట్లా అవుతుంది? ముందుకు పోయి ఆయనకు కాస్త అడ్డు నిలబడదామనుకుంది గానీ, తన ఒళ్ళు ఆయనకు ఏం అడ్డు? చివరికి, కనీసం దొంగతనం మానుకుందామని రోడ్డుకు అవతలి అంచుకు జరిగింది. గాలి మళ్ళీ కొట్టింది. నాలుగు అడుగులు వేసిందో లేదో, కాళ్ళు ఆగిపోయాయి.

తల ఎత్తి చూస్తే ఆ పెద్ద మనిషి కూడా ఆగిపోయి ఉన్నాడు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వెనక్కి తిరిగి ఆమెనే చూస్తున్నాడు.

"ఏమ్మా, యాల నిలబడిపోతివి?" అని గాలిలో గొంతు పెంచి అడిగాడు.

వనజాక్షికి సిగ్గు ముంచుకొచ్చింది. దగ్గరికి పోయి చెప్పింది. "ఇంతసేపూ మీ ఎనక దాక్కోని వచ్చినా అన్నా. గాలంతా మీకు తగలనిచ్చి, నేను సుఖంగా వచ్చినా. మీకు చెప్పనుకూడా లేదు. తప్పనిపించి పక్కకు వచ్చేసినా."

అతను రొప్పుతూనే నవ్వాడు. "అదా సంగతి! ఆ డ్రమ్ము కాడ్నే నేను వ్యాను ఎక్కేద్దామనుకుంటిని తల్లీ. రాయదుర్గంలో నాది మిఠాయంగడి. సుగరొచ్చిందని డాక్టరు తిడితే పరుగు మొదలుపెట్టినా. ఈ గాలి నా వల్ల యాడ అవుతాది? అంతలో ఎనక అడుగుల సప్పుడు ఇనిపించె. ఎవురో పాపం నన్ను పట్టుకోని వస్తాండారు, నేను నిలబడితే వాళ్ళూ నిలబడిపోతారే అని, నీ కోసమని ఈడిదాకా వస్తిని. ఇప్పుడు ఆ సప్పుడు లేకపాయ. నా కాళ్ళూ నిలబడిపాయ."

"నేను మీ కోసం రాలేదన్నా" అంది వనజాక్షి. ఆమెకు ఎందుకో ఆ మాట చెప్పకుండా ఉండబుద్ధి కాలేదు. "నా కోసమే వచ్చినా."

"ఎవురి కోసమొస్తే నాకేమి? నాకు ఆ సప్పుడు కావల్ల."

ఇంతలో వ్యాను వచ్చి పక్కన ఆగింది. డ్రైవరు అద్దం దించి, "ఎక్కుతారా?" అన్నాడు. ఎక్కమనే అన్నట్టుంది ఆ గొంతు. లోపల దుప్పట్లు కప్పుకున్నవాళ్ళు వెచ్చగా కూర్చుని వీళ్ళను చూస్తున్నారు. వనజాక్షి ఆ మనిషి ముఖం చూసింది. ఆ మనిషి వనజాక్షి ముఖం చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. అతను డ్రైవరు వైపు చెయ్యి ఆడించి ముందుకు తిరిగాడు.

"రా తల్లీ, ఎనక్కి రా. గెట్టిగా అడుగెయ్యి" అన్నాడు.

ఆమె మళ్ళీ ఆ వీపు వెనక చేరింది. ఈసారి దాక్కున్నట్టు అనిపించలేదు. కావాలనే బూట్లు రోడ్డుకు కొట్టుకుంటూ పరిగెత్తింది. రెండు మూడు సార్లు దగ్గు వచ్చింది. దగ్గి, ఉమ్మి, మళ్ళీ పరిగెత్తింది. వ్యాను వాళ్ళ వెనకాలే చివరిదాకా మెల్లగా వచ్చింది గానీ మళ్ళీ పక్కకు రాలేదు. అందరికన్నా ఆఖరున చేరింది వాళ్ళిద్దరే. పందెం పెట్టినవాళ్ళు అప్పటికే జెండాలు విప్పేస్తున్నారు. అతను తడి నేలమీదే వెల్లకిలా పడుకుని ఉండిపోయాడు. వనజాక్షి రెండు టీలు తెచ్చింది. టీ తాగుతుండగా అతని పేరు ఉజ్జినప్ప అని తెలిసింది. టీలో చక్కెర వేశారని అతను గొణిగాడు, అయినా ఒక్క చుక్క మిగల్చలేదు. ఆ తర్వాత ఎవరి బస్సు వారు ఎక్కారు.

స్వామి చెప్పడం ఆపారు. ఓబుళపతి చేతిలో ఒలవని కాయలు అట్లాగే ఉండిపోయాయి. అతను కనుబొమలు ముడుచుకుని, క్లాసులో లెక్క తప్పిన చోటు వెతికే మనిషిలాగా ఆలోచిస్తున్నాడు.

"స్వామీ, ఒక సందేహం. ఎదురుగాలి అన్నారు. చెవుల్లో హోరు అన్నారు. ఆ గాలి చప్పుడును ముందు నుంచి వెనక్కి కొట్టుకుపోతాది గదా. వెనకొచ్చే మనిషి అడుగులు ముందరోనికి ఎట్లా వినిపించింటాయి?"

"వనజాక్షికీ ఇంటికి పోయినాక అదే అనుమానం వచ్చిందంట."

"ఆయన్ను అడగలేదా?"

"రాయదుర్గం పోయి అడుగుదామనుకునింది. మళ్ళా ఎందుకో పోలేదు."

ఓబుళపతి ముందుకు వంగాడు. "అట్లయితే, ఆమె సిగ్గుపడుతాందని చూసి ఆయన ఆ మాట కల్పించినాడా? లేకుంటే నిలబడిపోయింది తానే గాబట్టి, మళ్ళా పరిగెత్తడానికి ఆయనకే ఒక సాకు కావాల్సొచ్చిందా? లేకుంటే ఏమో, నిజంగానే వినబడిందా? ఇందులో ఏది స్వామీ? ఎవరి కోసం ఎవరు పరిగెత్తినట్టు?"

స్వామి చేటలోని పొట్టు ఊదారు. బయట చీకటి పడుతోంది. ఓబుళపతి ఇల్లు చేరాలంటే ఆఖరి బస్సు పట్టుకోవాలి.

"ఆ పొద్దు అది తేల్చుకుందామని వాళ్ళు రోడ్డు మీద నిలబడింటే, ఇద్దరూ వ్యాన్లోనే వచ్చిండేవాళ్ళప్పా" అన్నారు స్వామి.