గానుగ ఇంజనూ, ఫండు మేడమూ

ఎర్రగరువులో తెలివైన ఇల్లు ఏదంటే సన్నిబాబు ఇల్లే. ఆ మాట ఊళ్ళో ఎవరూ అనలేదు, సన్నిబాబే అన్నాడు. పెళ్ళాం పైడమ్మ అవునంది. తమ్ముడు ఎర్నాయుడు చప్పట్లు కొట్టాడు. ఇంట్లో ఉన్నదే ముగ్గురు, ముగ్గురూ ఒప్పుకున్నారు. ఇంకేముంది, నూటికి నూరు శాతం!

వాళ్ళది బెల్లం వండే పని, పక్కన కాస్త పాల అమ్మకం. ఆ ఏడు చెరకు గానుగ తిప్పే ఇంజను దగ్గి దగ్గి ప్రాణం వదిలేసింది. కొత్తది ముప్ఫై రెండు వేలు. చేతిలో ఉన్నది ముప్ఫై. వచ్చే పంటకి ఇంజను రాకపోతే చెరకంతా చేలోనే ఎండిపోతుంది.

డబ్బు పెంచే దారి చెబుతుందని టౌన్లో ఫండ్ల ఆఫీసు మేడం సుభాషిణి దగ్గరికి వెళ్ళారు. ఆవిడ నవ్వి, "మీ డబ్బు బీరువాలో నిద్రపోతోందండీ. లేపి పనిలో పెట్టండి" అంది.

అంతే. ముగ్గురూ ఇంటికి పరుగు. సన్నిబాబు బీరువా తెరిచి కంచం మోగించాడు. నోట్లు కదల్లేదు. పైడమ్మ చెంబుడు నీళ్ళు తెచ్చి మొహాన కొట్టింది.

"వదినా, గాంధీ తాత కళ్ళు తెరిచే ఉన్నాడే!"

"కళ్ళు తెరిచి నిద్దరోయేవాళ్ళు నేరేటి? మీ అన్నని చూడ్డం నేదా?"

తడి నోట్ల కట్టని చేలోకి మోసుకెళ్ళి, పక్కన కొడవలి పెట్టి, గట్టు మీద కూర్చుని కాపలా కాశారు. మధ్యాహ్నం దాకా ఒక్క కలుపు మొక్కా పీకలేదు.

"ఒట్టి సోమరి డబ్బు!" అన్నాడు సన్నిబాబు.

మళ్ళీ టౌనుకెళ్ళి చూపిస్తే, తడిసిన కట్ట చూసి మేడం తల పట్టుకుంది. "పని అంటే ఆ పని కాదండీ! కంపెనీలో చిన్న ముక్క కొనడాన్ని షేర్ అంటారు. వేలమంది తలా కొంచెం వేస్తే, ఆ డబ్బుతో చాలా కంపెనీల ముక్కలు కొంటారు. అది ఫండ్. పెరుగుతుంది, ఒక్కోసారి తగ్గుతుంది. అందుకే ఏడాదిలో కావలసిన ఇంజను డబ్బు అందులో వద్దు. బ్యాంకులో డిపాజిట్ చెయ్యండి, ఏడు శాతం వడ్డీ. పాల డబ్బులో నెలకి ఐదొందలు మాత్రం ఫండ్‌లో వెయ్యండి. పదేళ్ళు ముట్టుకోకండి."

చక్కగా చెప్పినట్టే చేశారు. ఆరు నెలలు హాయిగా గడిచాయి.

ఒకరోజు టీ కొట్టు టీవీలో "మార్కెట్ కుప్పకూలింది" అన్నారు. ఇంకేముంది! అన్నదమ్ములిద్దరూ వెదురు బొంగులు భుజానేసుకుని బెల్లం మార్కెట్‌కి పరిగెత్తారు. షెడ్డు నిలబడే ఉంది.

"అన్నా, పడనేదే!"

"టీవీవోడు చూసే చెప్పుంటాడు. పడబోతంది. ఆ వంకర స్తంభం పీకి మన బొంగు పెట్టు!"

స్తంభం పీకారు. అంతే, షెడ్డు మొత్తం ధబేల్మని బెల్లం దిమ్మల మీద కూర్చుంది.

"ఏట్రా మీరు చేసింది?" అని వ్యాపారి కేక.

"చూసావా అన్నా! టీవీవోడు అబద్ధమాడడు" అన్నాడు ఎర్నాయుడు.

షెడ్డు బాగుకి ఫండ్‌లో ఉన్నదంతా తీసి కట్టాల్సి వచ్చింది. అసలే మార్కెట్ తగ్గింది, వేసిన మూడు వేలకి వచ్చింది రెండు వేల ఏడొందలు. పదేళ్ళ పెట్టుబడి ఆరు నెలలకే హరీ!

పోనీ, ఇంజను డబ్బు బ్యాంకులో భద్రంగా ఉంది. పంట వేళకి వడ్డీతో ముప్ఫై రెండు వేల వంద చేతికొచ్చింది. ఇంజను కొన్నారు. మిగిలిన వందకి మిఠాయి కొని మేడంకిచ్చారు. ఆవిడకి ప్రాణం లేచొచ్చింది.

"చాలా సంతోషం! ఒక్కటి గుర్తుంచుకోండి. ఇకమీదట ఉన్నదంతా ఒకేచోట పెట్టకండి. విడదీసి నాలుగు చోట్ల పెడితే, ఒకటి పోయినా మిగతావి ఉంటాయి."

ముగ్గురూ మొహాలు చూసుకున్నారు. వాళ్ళకి ఉన్నదంతా ఆ ఇంజనే! ఇంటికి రాగానే విప్పేశారు. చక్రం మేనమామ ఇంట్లో, డీజిల్ ట్యాంకు అత్తగారి ఊళ్ళో, పిస్టన్ పెద్దమ్మ అటక మీద. మిగిలినవి గోనెలో వేసి సన్నిబాబు తోడల్లుడికిచ్చారు. ఆ తోడల్లుడు గోనె పట్టుకుని సూరత్ మిల్లుకి పనికెళ్ళిపోయాడు.

"ఇప్పుడు దొంగొచ్చినా మొత్తం ఎత్తుకుపోలేడు" అంది పైడమ్మ తృప్తిగా.

చెరకు నరికారు. గానుగ దగ్గర కుప్ప పోశారు. పొయ్యి మీద బెల్లం వండే పెద్ద పెనం ఎక్కింది. అప్పుడు చూస్తే ఇంజను లేదు, బిగిద్దామంటే సగం ముక్కలు సూరత్‌లో ఉన్నాయి. చెరకు ఎండిపోతోంది.

"దీనికింత బెంగేటి? మనమే తిప్పుదాం" అని సన్నిబాబు గానుగ కాడి భుజానికెత్తుకున్నాడు. ఎర్నాయుడూ పక్కనే చెయ్యి వెయ్యబోయాడు.

"ఒరే ఒరే! ఇద్దరి బలం ఒకేవైపు పెడతావా? మేడం ఏటి చెప్పింది? నువ్వు అటు తొయ్యి, నాను ఇటు తోస్తాను. ఒకడు జారినా ఇంకొకడుంటాడు!"

ఎర్నాయుడు అటు, సన్నిబాబు ఇటు. పళ్ళు బిగించి, నరాలు పొంగేలా తోసుకుంటున్నారు. గానుగ ఇసుమంత కదిలితే ఒట్టు. కింద కుండ పట్టుకుని కూర్చున్న పైడమ్మ మురిసిపోయింది.

"చూసారా! ఆ ఫండు తగ్గింది గానీ, ఇది ఇద్దరూ ఎంత తోసినా కొంచెం కూడా తగ్గనేదు. ఇంత గట్టిగా నిలబడ్డ పెట్టుబడి ఈ ఊళ్ళో ఎవుడికుంది?"