పిల్లి కంటికి ఓరవాకిలి

ఒకప్పుడు పిల్లి కంటిపాప రాత్రీ పగలూ ఒకే తీరున, గుండ్రంగా, బార్లా తెరుచుకుని ఉండేది. మసక వెలుతురులో అది బాగానే పనికొచ్చేది. పగలు మాత్రం వెలుగంతా ఒక్కసారే కంట్లో పడి, లోకమంతా సున్నం కొట్టినట్టు తెల్లబారేది. ముక్కు ముందున్నది కాస్త తెలిసేది, దాని వెనకున్నదంతా అలుక్కుపోయేది.

అలా చూడలేకే ఒక తల్లిపిల్లి తన పెద్దకూనను గద్దకు పోగొట్టుకుంది. ఇక మిగిలింది ఒక్క బుజ్జికూన.

మర్నాడు మిట్టమధ్యాహ్నం అది కూనను వెంటపెట్టుకుని ఆదెమ్మ మిరపకాయలు ఆరబోసిన కల్లంలో నిలబడింది. తోక నిక్కించి సూర్యుడి మీద విరుచుకుపడింది.

“నీకు బుద్ధుందా? కళ్లున్న నన్ను గుడ్డిదాన్ని చేశావు! కొంచెం తగ్గు!”

“నేను తగ్గితే ఆదెమ్మ మిరపకాయలు ఎండొద్దూ?” అన్నాడు సూర్యుడు తాపీగా.

పిల్లికి అరికాలి మంట నెత్తికెక్కింది. “మిరపకాయలకున్న పాటి విలువ నా బిడ్డకు లేదా!”

సూర్యుడు మిరపకాయల మీదికి ఇంకాస్త వంగాడు. పెద్దవాళ్ల తీరే అంత, తప్పు తమదైతే పనిలో మునిగినట్టు నటిస్తారు.

కల్లం పక్కనే ఆదెమ్మ ఇల్లు. ఆమె గడప లోపల కూర్చుని తొడిమలు తీస్తోంది. పిల్లి ఆమె మీదికీ వెళ్లింది. “అత్తా, నీ మిరపకాయలు మండిపోను!”

“ఎండను తిడితే తగ్గుద్దటే?” అంది ఆదెమ్మ. “మేమేం చేత్తన్నాం? ఎండెక్కితే తలుపు ఓరగా ఏసుకుంటాం. కావాల్సినంత ఎలుగే లోపలికొచ్చుద్ది.”

పిల్లి రోషంగా కళ్లు గట్టిగా మూసేసుకుంది. “ఇప్పుడసలేమీ కనపడటం లేదు!”

“మూయమన్నానా? ఓరగా అన్నా. రెప్పలు కాదే, లోపలి పాపను దగ్గరికి లాగు.”

పిల్లి పళ్లు బిగబట్టి, రెండు రెక్కల తలుపు చేరేసినట్టు కంటిపాపను రెండు పక్కల నుంచీ దగ్గరికి లాగింది. మధ్యలో సన్నని నిలువు సందు మిగిలింది. తెల్లదనం పోయింది. దగ్గరున్న బుజ్జికూన మీసాలు తెలిశాయి. వాటితోపాటే, దూరాన ఆకాశంలోంచి దూసుకొస్తున్న గద్ద కూడా తెలిసింది!

పిల్లి ఒక్క దూకు దూకి, కూన మెడ కరుచుకుని గుమ్మంలో పడింది. గద్ద గోళ్లకు మిరపకాయలే చిక్కాయి.

“ఈ సంగతి నిన్ననే చెప్పకూడదూ ఎవరైనా!” అని పిల్లి ఏడుస్తూ అరిచింది. ఆదెమ్మ దాని వీపు నిమిరింది.

అప్పటినుంచే పిల్లి కంటిపాప ఎండలో సన్నని గీతవుతుంది, పొద్దు వాలితే గుండ్రంగా విచ్చుకుంటుంది. కెమెరా పట్టినవాళ్లూ ఇదే చేస్తారు. వెలుగు ఎక్కువైతే లెన్సు కన్నం చిన్నది చేస్తారు, అప్పుడు దగ్గరా దూరమూ రెండూ తేటగా పడతాయి. మసకైతే పెద్దది చేస్తారు, అప్పుడు దగ్గరిది తేటపడి వెనకది అలుక్కుపోతుంది. తల్లిపిల్లి మాత్రం ఇప్పటికీ పట్టపగలు కూనలను పొట్ట కింద పెట్టుకుని, ఆ సన్నని సందులోంచి ఆకాశం వైపు కోపంగా చూస్తూనే ఉంటుంది.