కొంగ ఎత్తిన కాలు

ఒకప్పుడు కొంగ కూడా మనలాగే రెండు కాళ్ల మీద నిలబడేది. నమ్మరా? అయితే వినండి.

తుంగమడుగులో బారెడయ్య అనే కొంగ ఉండేవాడు. కాళ్లు పొడుగు, మెడ పొడుగు, ఆశ ఆ రెంటికన్నా పొడుగు.

ఒక ఏడు ఎండలు మండిపోయాయి. మడుగు ఎండి ఎండి పెరడంత మిగిలింది. చేపలు కాసిని, తినే నోళ్లు బోలెడు. పొద్దున లేస్తే ముక్కులతో పొడుచుకోవడమే. బారెడయ్య గూట్లో పిల్లలు కూడా ఆకలితో నోళ్లు తెరుచుకుని కూర్చునేవి.

చివరికి మడుగుకు పెద్దయిన తాబేలు తాత అందర్నీ పిలిచాడు.

"నేను పైనుంచి దూకి, పైపైన తిరిగే చేపల్నే పడతాను," అంది లకుముకి పిట్ట.

"నేను మునిగి అడుగునున్నవి తింటాను," అంది బుడబుంగ.

"నాకు తామరాకుల మీది పురుగులు చాలు తాతా," అంది తామరకోడి.

"అయితే ఒడ్డు పక్క నీళ్లు నీకూ ఉల్లంకికీ. సరేనా బారెడూ?" అన్నాడు తాత. ఉల్లంకి అంటే పొడుగు ముక్కుతో బురదలో కెలుక్కుని తినే చిన్న పిట్ట.

బారెడయ్యకు ఒళ్లు మండింది. ఇంతింత కాళ్లున్న తనకూ, ఆ పిడికెడు పిట్టకూ ఒకే వాటానా?

"ఈ పంపకాలు మీరు చేసుకోండి. నాకు మన పాత కట్టుబాటే కావాలి. కాలు మోపిన చోటు మోపినవాడిది, ఎత్తిన చోటు వచ్చినవాడిది!"

"నీ ఇష్టం నాయనా," అన్నాడు తాత, నవ్వు డిప్పలో దాచుకుని.

బారెడయ్య పోయి, చేపలు దాక్కునే రాయి పక్కన రెండు కాళ్లూ మోపాడు. మంచి చోటు. కుదురుగా ఉంటే ఇంటిల్లిపాదికీ సరిపోతుంది. ఇంతలో తుంగ పొద దగ్గర చేప ఒకటి ఎగిరింది. ఒక్క అంగలో అక్కడికి పోయాడు. వెనక్కి తిరిగి చూస్తే రాయి పక్కన ఉల్లంకి!

"ఏయ్, అది నాది!"

"కాళ్లు ఎత్తావుగా బావా," అంది ఉల్లంకి.

బారెడయ్య పొడవడానికి ముక్కు ఎత్తి, మళ్లీ దించుకున్నాడు. కట్టుబాటు కావాలన్నది తనే మరి! అప్పుడు ఆయనగారి బుర్రకు ఒక గొప్ప ఉపాయం తట్టింది. ఒక కాలు మోపి ఉన్నచోటు కాచుకోవాలి, రెండోది ఎత్తి పట్టుకుని పక్కచోటు చూసుకోవాలి. వెంటనే ఎత్తాడు. కుడివైపు పెడదామంటే ఎడమవైపు బాగుంది. ఎడమవైపు పెడదామంటే ఎదురుగా ఇంకా బాగుంది. కాలు గాల్లోనే ఉండిపోయింది.

ఆయన భార్య తెల్లమ్మ ఎగురుకుంటూ వచ్చింది. "ఏమండీ, పిల్లలు ఏడుస్తున్నారు. ఆ కాలు దించి నాలుగడుగులు వేస్తే నాలుగు చేపలు దొరకవూ?"

"పిచ్చిదానా! దించితే ఆ ఒక్క చోటే నాది. ఎత్తి ఉంచితే ఎక్కడ దించుతానో ఎవడికి తెలుసు? మడుగంతా నాదే!"

తెల్లమ్మకు తల బాదుకోవాలనిపించింది గానీ, అంత తీరిక లేదు. ఉల్లంకిని అడిగి, దాని పక్కనే తిరిగి, దొరికినవి ఏరి పిల్లల కడుపులు నింపింది.

"నాన్న అక్కడ ఏం చేస్తున్నాడమ్మా?" అని అడిగాయి పిల్లలు.

"జపం చేసుకుంటున్నారు," అంది తెల్లమ్మ. నిజం చెప్పడానికి సిగ్గేసింది పాపం.

వానలొచ్చాయి. మడుగు నిండింది. చేపలే చేపలు! అందరూ తగువు మరిచిపోయారు. బారెడయ్య మాత్రం చిక్కి పుల్లయిపోయి, కాలు ఎత్తుకునే ఉన్నాడు. రెక్కలొచ్చిన పిల్లలు గూడు దిగి, నేరుగా వెళ్లి ఆయన పక్కన నిలబడి, తలా ఒక కాలు ఎత్తాయి. తిండి పెట్టింది తల్లి, అబ్బింది తండ్రి బుద్ధి.

అప్పటినుంచే కొంగ ఒంటికాలి మీద నిలబడుతోంది. తెల్లమ్మ మాట నమ్మి దాన్ని కొంగజపం అంటారు జనం. జపం లేదు, గిపం లేదు. అది పక్కవాడి చోట్లో పెట్టాలని ఎత్తిన కాలు. ఈసారి కనబడితే దండాలు పెట్టకండి, మీరు నిలబడ్డ చోటు చూసుకోండి.