గోడ అవతలి సమాధి

జ్ఞానానందం అయ్యగారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన వెంటనే జవాబు చెప్పేవారు కాదు. "రేపు నీకు తీరికేనా?" అనేవారు. ఆయన దగ్గర బైబిలు వాక్యం నేర్చుకున్న మా అందరికీ ఆ మాట బాగా తెలుసు. తీరికే అన్నవాణ్ణి ఆయన ఎక్కడికో వెంటబెట్టుకుని వెళ్లేవారు.

ఒక డిసెంబరు చివరి వారంలో నతానియేలు ఆయన దగ్గరికి వచ్చాడు. మాతోపాటు చదువుకున్నవాడే. పల్నాడులో ఒక చిన్న పట్టణపు చర్చి సంఘానికి కాపరిగా వెళ్లి మూడేళ్లయింది. సంవత్సరాంతపు ఆరాధనలో గడిచిన ఏళ్ల గురించి ప్రసంగం చెయ్యాలి.

"అయ్యగారూ, లేఖనం ఒకచోట వెనుకటివి మరిచిపొమ్మంటుంది. ఇంకోచోట నడిచివచ్చిన దారంతా జ్ఞాపకం చేసుకొమ్మంటుంది. నా సంఘానికి ఏది చెప్పమంటారు?" అని అడిగాడు. ప్రసంగం వెతుక్కునేవాడి గొంతులా లేదు అది. అయ్యగారు అది గమనించారు. మర్నాటికి తీరిక చేసుకొమ్మన్నారు.

పొద్దున్నే ఇద్దరూ బస్సెక్కి ఒక పల్లెలో దిగారు. ఊళ్లోకి నడుస్తూ అయ్యగారు తన సంగతి చెప్పారు. ముప్పై తొమ్మిదేళ్ల కిందట ఆయన ఆ ఊరి కాపరి. ఒక కూలి దంపతులకు పుట్టిన ఆడపిల్ల మూడో రోజున చనిపోయింది. తండ్రి ఆ బిడ్డను తువ్వాలులో చుట్టుకుని సమాధుల తోట గేటు దగ్గరికి తెచ్చాడు. బాప్తిస్మం లేని బిడ్డకు లోపల చోటు లేదని అయ్యగారు అన్నారు. నియమం అలాగే ఉండేది. తండ్రి వెనక్కి తిరిగి, గోడ అవతల వాగు గట్టున గుంట తీసి బిడ్డను పూడ్చాడు.

"ఆ రాత్రి నాకు చక్కగా నిద్రపట్టింది, నాయనా. నాలుగేళ్ల తరవాత నా కూతురు జ్వరంతో మూడు రోజులు కళ్లు తెరవలేదు. అప్పుడు ఆ తండ్రి చేతులు గుర్తొచ్చాయి. నా పిల్ల బతికింది. అప్పటికి నాకు వేరే ఊరికి బదిలీ అయింది, అయినా ఇక్కడికి వచ్చాను."

చనిపోయిన ఆ బిడ్డ తల్లి పేరు రూతమ్మ. భర్త పోయి చాలా ఏళ్లయింది. వాకిట్లో నులకమంచం వాల్చి ఎదురుచూస్తోంది. "మీరొస్తారని ఇవాళ పత్తి తియ్యను పోలా" అంది. చిక్కుడుకాయ కూర, గోంగూర పచ్చడి వేసి ఇద్దరికీ అన్నం పెట్టింది. నతానియేలు తింటూ, అయ్యగారు ఏటేటా వస్తారా అని అడిగాడు.

"ఏటేటా బిడ్డ పోయిన రోజుకి వస్తారు, చిన్నయ్యగారూ. మొదటేడు నేను తలుపు తియ్యలా. రెండో ఏడు తిట్టా. నోటికొచ్చిందల్లా అన్నా. తలొంచుకుని నిలబడ్డారు. ఆరో ఏడు కాబోలు, పిల్లకి ఏం పేరనుకున్నావమ్మా అని అడిగారు." రూతమ్మ కొంగుతో చెయ్యి తుడుచుకుంది. "అప్పటిదాకా ఆ మాట నన్నెవరూ అడగలా. దయామణి అని చెప్పా. ఆ రోజే మొదటిసారి ఈయన ముందు ఏడ్చా." మజ్జిగ పోస్తూ, "ఆ తరవాత శవాన్ని మట్టి చెయ్యమని వచ్చిన ఏ మనిషినీ ఈయన వెనక్కి పంపలేదంట. కులమడగలా, బాప్తిస్మమడగలా. నాకు మా వాళ్లు చెప్పారు" అంది. అయ్యగారు మజ్జిగ తాగుతూ ఆ మాట విననట్టే ఉన్నారు.

భోజనాలయ్యాక ముగ్గురూ వాగు గట్టుకు వెళ్లారు. గోడకు బారెడు దూరంలో చుట్టూ రాళ్లు పేర్చిన చిన్న దిబ్బ ఉంది. అయ్యగారు మోకాళ్లు నొప్పి పెడుతున్నా కింద కూర్చుని, దయామణి అని పేరు పెట్టి ప్రార్థన చేశారు. నతానియేలు గోడ వైపు చూసి, "ఇప్పుడు నియమం మారింది కదమ్మా, సమాధిని లోపలికి మార్పించవచ్చుగా?" అన్నాడు.

"ఎందుకు, చిన్నయ్యగారూ? యేసు ప్రభువునీ ఊరి బయటే కదా సిలువేసింది. నా బిడ్డకి తోడు ఆయనున్నాడు."

తిరిగి వెళ్లేటప్పుడు బస్సు కోసం రోడ్డు పక్కన కూర్చున్నారు. అక్కడ నతానియేలు తన సంగతి చెప్పాడు. రెండేళ్ల కిందట సంఘంలో ఒకమ్మాయి క్రైస్తవ విశ్వాసి కానివాణ్ణి పెళ్లి చేసుకుంది. ఆదివారం ప్రసంగపీఠం మీద నుంచి అతను ఆ పిల్ల పేరు చెప్పి మరీ మందలించాడు. ఆమె తండ్రి లేచి, భార్య చెయ్యి పట్టుకుని బయటికి నడిచాడు. ఆ కుటుంబం మళ్లీ ఆరాధనకు రాలేదు.

"ఏడాది చివర్లో అది తలుచుకుని ఉపవాసం ఉంటానండీ. ఏడుస్తాను. మళ్లీ జనవరి వస్తుంది, నేను నాలాగే ఉంటాను." అతను చేతిసంచి ఒళ్లోకి లాక్కున్నాడు. "వాళ్ల ఇల్లు చర్చికి రెండు వీధుల అవతలే. వచ్చే ఆదివారం ఆరాధన కాగానే వెళ్లనా?"

అయ్యగారు అతని వీపు మీద చెయ్యి వేశారు.

"ఆదివారం వద్దు, నాయనా. ఆ రోజు నువ్వు అయ్యగారివి. మామూలు రోజు, మామూలు మనిషిగా వెళ్లు."