వెచ్చని ఇసుక మీద పక్క

ఏ ప్రశ్నకైనా వెంటనే జవాబు చెప్పడం ఉమాపతి మాస్టారికి చేతకాదు. అడిగినవాళ్ళ చేతిలో ముందు ఒక టీ గ్లాసు పెడతారు. అది చల్లారేలోపు సగంమంది తామేమడిగారో మరిచిపోతారు. మైథిలి మాత్రం మరిచిపోయే రకం కాదు.

తూర్పు సముద్రంలోని ఆ అగ్నిపర్వతపు దీవికి మాస్టారు శిష్యులను తీసుకొచ్చి వారమైంది. మర్నాడు మధ్యాహ్నమే తిరుగు పడవ. ఎక్కేలోపు ఎవరు దేనిమీద పరిశోధన చేస్తారో తేల్చి చెప్పాలి. రాళ్ళా, పక్షులూ జంతువులా, ఊళ్ళో మనుషులా? మైథిలి తప్ప అందరూ తేల్చుకున్నారు. రాళ్ళ దగ్గర కూర్చుంటే పక్షి కూత ఆమెను లాగేది, పక్షి వెంట పోతే ఊళ్ళోని వంటల వాసన లాగేది. రెండు పడవల మీద కాళ్ళు పెడితేనే మునుగుతామంటారు పెద్దలు. ఈవిడగారు మూడో పడవ కోసం మూడో కాలు వెతుక్కుంటోంది.

"మూడింట్లో ఏది పట్టుకోను మాస్టారూ? ఏది వదలడానికీ మనసొప్పడం లేదు" అంది సాయంత్రం. ఏడుపొక్కటే తక్కువ.

మాస్టారు టీ ఇచ్చారు. "ఇవాళ డేరా ఎక్కడ వేస్తున్నావమ్మా?" అన్నారు.

కొండగాలి చలిచలిగా ఉంది. మైథిలి నేలలో థర్మామీటరు గుచ్చి చూసుకుంటూ పోయి, కొండ కింద నల్ల ఇసుకలో వెచ్చని చోటొకటి పట్టుకుంది. కొండ కడుపులోని వేడి అక్కడిదాకా వస్తోంది. "భలే చోటు. హాయిగా పడుకో" అన్నారు మాస్టారు. మిగతావాళ్ళు కుళ్ళుకుంటుంటే ఆమె నిజంగానే హాయిగా పడుకుంది.

తెల్లవారుతుండగా దిండు కదిలింది. కలేమో అనుకుని అటు తిరిగింది. మళ్ళీ కదిలింది. దిండు ఎత్తి చూస్తే, చాప అంచున ఇసుకను చీల్చుకుని కోడిపిల్లంత పక్షిపిల్ల ఒకటి తల పైకి పెట్టింది. తల్లీ లేదు, గూడూ లేదు. ఒళ్ళు దులుపుకుని, మైథిలి మొహాన ఇంత ఇసుక కొట్టి, డేరా గుమ్మంలోంచి తుర్రున ఎగిరిపోయింది. ఆమె దాని వెనకాలే బయటికి పరుగెత్తింది.

బయట ఊరి ఆడవాళ్ళు బుట్టలు పట్టుకుని పడీపడీ నవ్వుతున్నారు. వాళ్ళల్లో పెద్దావిడ చెప్పిందాన్ని మాస్టారు తెలుగు చేశారు. ఈ పక్షులు గుడ్లు పొదగవట. మోచేతి లోతున పాతిపెట్టి, కొండకి అప్పగించి పోతాయట. ఆ గుడ్లు దొరికే చోటనే తమ తాతలు పడవలాపి ఊరు కట్టుకున్నారట. ఏటా గుడ్ల కోసం సగం ఇసుకే తవ్వుకుని, సగం పక్షులకు వదిలేస్తారట. మైథిలి పక్క వేసింది ఆ వదిలేసిన సగంలోనే. "పిల్ల నీ పక్కలో పుట్టింది. ఇక నువ్వు మా ఊరి ఆడపడుచువి, భోజనం చెయ్యకుండా పంపం" అందావిడ.

మైథిలికి నవ్వూ వచ్చింది, కళ్ళూ నిండాయి. జుట్టునిండా ఇసుకతోనే మాస్టారి ముందు నిలబడింది.

"నేనీ ఇసుక మీద పనిచేస్తాను మాస్టారూ. ఇది రాళ్ళ లెక్కలోకొస్తుందో, పక్షుల లెక్కలోకో, మనుషుల లెక్కలోకో మీరే చూసుకోండి. ఇదంతా మీకు ముందే తెలుసు కదా, నిన్ననే చెప్పకూడదూ?"

మాస్టారు టీ గ్లాసు ఆమె చేతిలో పెట్టారు.

"నీ జవాబు మీదే పక్కేసుకుని పడుకున్నావు. లేపడమెందుకులే అనుకున్నాను" అన్నారు.