గుర్రమెక్కిన గాజులమ్మ

పూర్వం ఒక రాజ్యంలో నాంచారమ్మ అనే ముసలామె గాజుల గంప నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగేదట. ఆడపిల్లల చేయి మెత్తగా ఒత్తి, ఒక్క గాజూ చిట్లకుండా తొడిగేది.

ఒకరోజు వర్తకమంత్రి ఆమెను పిలిపించి, "నాంచారీ, ఇకమీదట గాజుల బొమ్మలు గీయించి ఊళ్ళకు పంపుతాం. జనం బొమ్మ చూసి కోరుకుంటారు. గుర్రపు రౌతులు సరుకు చేరవేస్తారు. నువ్విక తిరగక్కర్లేదు" అన్నాడు.

నాంచారమ్మకు దిగులేసింది. తిరగకపోతే ఆ పిల్లల్ని మళ్ళీ ఎప్పుడు చూస్తుంది? అయినా తొణక్కుండా, "చిత్తం బాబూ. మొదటి గాజులు మీ అమ్మాయిగారి సీమంతానికే పంపిస్తా" అంది.

సీమంతం నాడు గుబురు మీసాల రౌతు గాజులతో వచ్చి, పీట లాక్కుని అమ్మాయి ఎదుట కూర్చున్నాడు.

"ఏమిట్రా ఇది!" అని మంత్రి ఉరిమాడు.

"గాజులు తెచ్చినవాళ్ళే తొడగాలట కదండీ. అవ్వ చెప్పి పంపింది."

పేరంటాళ్ళు పకపకా నవ్వారు. మంత్రి చెమట తుడుచుకుంటూ, "ముందు నాంచారమ్మను పిలవండి!" అన్నాడు.

ఆమె గుమ్మం పక్కనే ఉంది. "బొమ్మలు మంచివే నాయనా, ముందు వాటిని పంపండి. కోరుకున్నాక గాజులతో నన్ను పంపండి. ఆ గుర్రం మాత్రం నాకిప్పించండి, మోకాళ్ళ నొప్పులు" అంది.

ఆ వయసులో గుర్రమెలా ఎక్కిందో ఏమో గానీ, అది సకిలిస్తే చాలు, ఆడపిల్లలు చేతులు కడుక్కుని వాకిట్లోకి పరుగెత్తేవారట.